ఒక్క మడత చీటీ

"మడతలు ఎన్ని పెట్టావో చెప్పు. ఒకటా, రెండా?"

డ్రైవరు ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. చర్చి నుంచి వచ్చి గంట దాటినా బూట్లు విప్పలేదు. సొంత ఇంట్లో, సొంత కుర్చీలో, ఎవరో వచ్చి లేవమంటారేమో అన్నట్టు అంచున కూర్చున్నాడు.

"రెండేనండీ," అంది భార్య, వంటింటి గుమ్మంలో నిలబడి.

"రెండు పెడితే మైకులోకి ఎలా వచ్చింది?"

"నన్నడిగితే నేనేం చెప్పను? చదివినాయన్ని అడగండి."

మాట తడబడకుండానే వచ్చింది. కానీ అరగంట నుంచి ఆమె తుడుస్తున్నది ఒకే పళ్ళెం.

వాళ్ళ సంఘంలో మడతలకి ఒక పద్ధతి ఉంది. చర్చి గుమ్మం పక్కన చెక్కపెట్టె. ప్రార్థన కావలసినవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. ఒక్క మడత పెట్టినదాన్ని ఆదివారం అందరూ వినేలా చదువుతారు. రెండు మడతలు పెట్టినదాన్ని పాస్టరుగారు తప్ప ఇంకెవరూ విప్పరు. జ్వరాలు, పరీక్షలు, కాన్పులు ఒక మడతలో వస్తాయి. తాగుడు, తగవులు, పిల్లల ప్రేమ వ్యవహారాలు రెండు మడతల్లో వస్తాయి. ఇన్నేళ్ళలో ఒక రకం ఇంకొక రకంలో కలిసింది లేదు.

ఈ వారం పాస్టరుగారు ఊళ్ళో లేరు. చీటీలు చదివే పని సంఘపెద్దల్లో ఒకాయనకి అప్పజెప్పారు. రిటైరైన బడిపంతులు. మైకు చేతికిస్తే తిరిగి ఇవ్వడని అందరూ ఆయన్ని చాటుగా మైకు మాస్టారంటారు. ప్రతి చీటీనీ రెండేసిసార్లు చదవడం ఆయన అలవాటు. ఒకసారి దేవుడికి, ఒకసారి వెనక వరుసల వాళ్ళకి.

కాబట్టి సంఘమంతా రెండుసార్లు వింది. 'మా ఆయన కుడికన్ను పోయింది. ఎడమ కన్ను కూడా సరిగా ఆనడం లేదు. శుక్రవారం డిపోలో కంటిపరీక్ష ఉంది. ఏం చెయ్యాలో తోచడం లేదు. ఆయన కోసం, ఆయన బస్సెక్కేవాళ్ళ కోసం ప్రార్థించండి.'

కింద పేరు లేదు. లేకపోతేనేం? ఆ సంఘంలో బస్సు నడిపేవాడు ఒక్కడే. పైగా మూడో వరుసలో కూర్చునే పెద్దమనిషి అదే డిపోలో ఇన్‌స్పెక్టరు.

"గేటు దగ్గర ఏమన్నాడురా?" అని అడిగింది అత్తగారు. ఆవిడ చర్చి చీర మార్చుకుని వచ్చి, కొడుక్కి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"రేపు మొదటి ట్రిప్పుకి ముందు తన గదికి రమ్మన్నాడు."

"అంతేనా?"

"ఒకే మాట అడుగుతాట్ట. కనిపిస్తోందా, లేదా అని. నేను ఏం చెబితే అదే నమ్ముతాట్ట. భుజమ్మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు."

"నమ్ముతానన్నాడుగా! ఇంకేం?" అత్తగారి ముఖం వికసించింది. "ఆడవాళ్ళ కంగారు సార్, పట్టించుకోకండి అని చెప్పు. శుక్రవారం దాకా నెట్టుకొస్తే ఆ తర్వాత మూడేళ్ళు నిన్ను అడిగేవాడుండడు."

"అబద్ధమే కదమ్మా."

"అబద్ధం ఎక్కడుంది ఇందులో? ఇది కంగారు పడిందా లేదా?"

ఇది అన్నది కోడల్ని. కోడలు పళ్ళెం కింద పెట్టి ఇంకొకటి తీసుకుంది.

"దేవుడికి రాసిన ఉత్తరం సరాసరి డిపోకి చేరింది," అంది అత్తగారు, కొడుకుతోనే. "మన ఇంటి గుట్టు మనం నలుగురిలో పెట్టుకున్నాం. ప్రార్థన చేసుకోవడానికి ఇంట్లో మోకాళ్ళు లేవా?"

"రెండు నెలల నుంచి మోకాళ్ళ మీదే ఉన్నాను అత్తయ్యా."

"ఇంకో వారం ఉండాల్సింది."

ఆ ఇంట్లో జరుగుతున్నది ప్రార్థన ఒక్కటే కాదు. వంటింట్లో పొయ్యి పైన గోడకి కంటిపరీక్ష చార్టు వేలాడుతోంది. డిపోలో స్నేహితుడొకడు చూసి, పాత క్యాలెండరు వెనక రాసిచ్చాడు. ఏడు వరుసలు. పైన ఒకే ఒక్క పెద్ద అక్షరం, అట్టడుగున చీమల బారు. రోజూ పొద్దున టీ తాగుతూ డ్రైవరు అది అప్పజెబుతాడు, తల్లి చార్టు చూసి తప్పులు దిద్దుతుంది. ఇప్పుడు ఆవిడకే చూడకుండా వచ్చేసింది.

"ఆరో వరుస చెప్పు," అంది హఠాత్తుగా.

"ఇప్పుడెందుకమ్మా?"

"చెప్పరా."

"ర, మ, వ, ప, న, ద."

"చూశావా! కావాలంటే నేను వెళ్ళినా పాసై వస్తాను." ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. ఆ సంగతి ఆ క్షణంలో ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

"రోడ్డు మీద వచ్చేవాళ్ళు వరుసలో రారు అత్తయ్యా," అంది కోడలు.

డ్రైవరు మళ్ళీ మొదటికి వచ్చాడు. "రెండు మడతలు పెట్టిన చీటీ ఎలా చదివాడు?"

భార్య ఒక దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే మనిషి. రోజుకి ఎనభై తొంభై కాజాలు. ఒకనాడు పొద్దున భర్త యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే చూసింది. పై గుండీ రెండో కాజాలో, రెండోది మూడో కాజాలో. వేళాకోళం చేద్దామనుకుని దగ్గరికి వెళ్ళింది. ఆయన వేళ్ళు కాజా కోసం తడుముతున్నాయి. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ వారమే ఇద్దరూ తమనెవరూ ఎరగని పేటలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కళ్ళజోడుతో సరయ్యేది కాదని ఆయన చెప్పాడు. దారిలో డ్రైవరు, అమ్మకి తప్ప ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు. సరేనంది.

మూడు గంటలకి తలుపు చప్పుడైంది. మైకు మాస్టారు. చంకలో గొడుగు, చేతిలో బైబిలు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నాయనా, నన్ను కొట్టినా పడతాను," అంటూనే లోపలికి వచ్చాడు. మైకు లేకపోయినా ఆయన గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది. అత్తగారు లేచి తలుపు మూసింది.

"కూర్చోండి మాస్టారూ," అన్నాడు డ్రైవరు.

"కూర్చోడానికి ముఖం చెల్లాలి కదా. తప్పు నాది. పూర్తిగా నాది. మడతలు పడ్డ చీటీలు మైకు దగ్గర చుట్టుకుపోతున్నాయని నిన్న సాయంత్రం అన్నీ విప్పేశాను. విప్పి, ఇస్త్రీ చేశాను."

"చీటీలకి ఇస్త్రీనా?" అంది అత్తగారు.

"పద్ధతిగా ఉంటుందనుకున్నానమ్మా. ఇరవై మూడు చీటీలు. ఒకదాని మీద ఒకటి పెట్టి, కొత్త నోటుపుస్తకంలా తయారుచేశాను. ఏది ఒక మడతో, ఏది రెండు మడతలో ఇక ఆ దేవుడికే తెలియాలి. మీదొక్కటే కాదు. ఇంకా రెండు చదవకూడనివి చదివేశాననుకుంటాను. ఒకావిడ నాతో మాట్లాడటం మానేసింది."

డ్రైవరు తలెత్తి భార్య వైపు చూశాడు. పొద్దున్నించి మొదటిసారి ఆ చూపులో కోపం లేదు.

"నేను నిన్ను అనవసరంగా..." అని ఆగాడు. మిగతాది అతనికి చెప్పడం అలవాటు లేదు.

అతను తిడుతున్నంతసేపూ ఆమె తట్టుకుంది. ఇప్పుడు ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

"అయిందేదో అయింది," అన్నాడు మాస్టారు. "దిద్దే ఉపాయం ఆలోచించే వచ్చాను. ఇన్‌స్పెక్టరుగారింటికి ఇప్పుడే వెళతాను. ఆ చీటీ మనది కాదంటాను. మా బంధువుల ఊళ్ళో ఒక సంఘం ఉంది. అక్కడి చీటీ నా సంచిలో కలిసిపోయిందంటాను. అక్కడా ఒక డ్రైవరుంటే ఉండొచ్చు కదా? నా మాట ఆయన కాదనడు. నలభై ఏళ్ళు పిల్లలకి నీతిపాఠాలు చెప్పినవాణ్ణి."

"స్తోత్రం!" అంది అత్తగారు. రెండు చేతులూ పైకెత్తింది. "దేవుడు దారి చూపించాడు. చూశావురా?"

డ్రైవరు వద్దనలేదు.

"మాస్టారూ," అంది భార్య. "మీరు అబద్ధం చెబుతారా?"

"ఒక కుటుంబం నిలబడుతుందంటే చెబుతానమ్మా. విశ్రాంతి దినాన పని చెయ్యకూడదని ధర్మశాస్త్రం. అయినా ప్రభువు ఆ రోజునే రోగుల్ని బాగుచేశాడా లేదా? మనిషి కోసం నియమం, నియమం కోసం మనిషి కాదు."

"ఆయన బాగుచేశాడు మాస్టారూ. కనపడనివాణ్ణి పిలిచి, కనిపిస్తోందని చెప్పుకో పో అనలేదు."

మాస్టారు బైబిలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఏమిటా మాటలు?" అంది అత్తగారు. "పెద్దాయన సాయం చేస్తానని ఇంటికొస్తే?"

"ఆయన సాయం మనకక్కర్లేదు అత్తయ్యా. ఆయన తప్పేం లేదు." భార్య చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టింది. "నేను పెట్టింది ఒక్క మడతే."

"రెండన్నావు," అన్నాడు డ్రైవరు.

"అన్నాను. నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ అబద్ధమే చెప్పాను."

"ఎందుకు?"

"భయమేసి."

"అది కాదు. ఒక్క మడత ఎందుకు పెట్టావు?"

"ముందు రెండే పెట్టాను. పెట్టె దగ్గరికి వెళ్ళాక ఒక మడత విప్పేశాను." ఆమె గొంతు సన్నగా, సూటిగా ఉంది. "మీకు చెప్పాను. మూడుసార్లు చెప్పాను, బండి దిగండి, యార్డులో ఏదో పని అడుగుదామని. మీరు వినలేదు. అత్తయ్యకి చెప్పాను, చార్టు తెప్పించారు. దుకాణంలో కూర్చుని కాజా కుడుతున్నానా, బయట బ్రేకు చప్పుడు వినిపిస్తే సూది వేలికి దిగుతోంది. మీకు తెలిసిన నలుగురికి ఈ మాట తెలియాలనుకున్నాను. తెలిస్తే మీరు ఆగుతారనుకున్నాను."

"నలుగురి ముందు నన్ను గుడ్డివాణ్ణి చేశావు."

"చేశాను."

"ఇంట్లో ఉన్న మనిషివే కొంప ముంచావు కదే!" అంది అత్తగారు. ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. కొడుకు కన్ను పోయిందని డాక్టరు చెప్పిన రోజున కూడా ఆవిడ ఏడవలేదు. "ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. ఒక్క కాగితమ్ముక్కతో..."

మాస్టారు గొడుగు తీసుకున్నాడు. "అంటే నేను ఇస్త్రీ చెయ్యకపోయినా ఆ చీటీ చదివేవాణ్ణే అన్నమాట," అన్నాడు నెమ్మదిగా. ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. అలా తేలికపడినందుకు వెంటనే సిగ్గుపడ్డాడు. "వస్తాను నాయనా. ప్రార్థన చేస్తాను. ఇంట్లోనే, తలుపేసుకుని చేస్తాను."

ఆయన వెళ్ళాక డ్రైవరు వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు. భార్య సాయం చెయ్యబోలేదు. చేస్తే ఊరుకోడని తెలుసు.

అత్తగారు తన గదిలో తలుపు దగ్గరగా వేసుకుంది. డ్రైవరు పెరట్లోకి వెళ్ళి, వచ్చి, మళ్ళీ వెళ్ళాడు. భార్య టీ పెట్టింది. మూడు కప్పుల్లో రెండు చల్లారిపోయాయి. మూడోది తనే తాగింది, ఆమెకి నిజంగా ఆకలేసింది. తప్పు చేశాననే దిగులు ఉంది. చేసినదాన్ని మళ్ళీ చేస్తాననీ తెలుసు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా పడతాయో ఆమెకి అర్థం కాలేదు.

ఆరింటికి అత్తగారు బయటికి వచ్చింది. ఆకాశం కూలినా ఆరింటికి ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన జరగాల్సిందే. సువార్త మొదటి పేజీ నుంచి వరసగా చదువుకుంటూ వస్తారు. రోజుకొక భాగం. బాగున్నదని ఏరుకోవడం, కష్టంగా ఉందని దాటవేయడం అత్తగారు ఒప్పుకోదు. మధ్యలో ఆపడమూ లేదు. మొదలుపెట్టిన భాగం పూర్తిచేసి ఆమేన్ అనాల్సిందే. పెళ్ళైన కొత్తలో ఒకసారి వంశావళి వచ్చినప్పుడు కోడలు రెండు పేర్లు మింగేస్తే, మళ్ళీ మొదటి నుంచి చదివించింది.

ఇదివరకు ఎక్కువగా కొడుకే చదివేవాడు. రెండు నెలలుగా కోడలు చదువుతోంది.

ఆమె గుర్తు పెట్టిన చోట పుస్తకం తెరిచింది. చూసి, చదవకుండా ఆగింది.

"ఏమొచ్చింది?" అంది అత్తగారు.

"మార్కు సువార్త ఎనిమిదో అధ్యాయం. బేత్సయిదా గుడ్డివాడు."

అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. "అది వదిలెయ్. తర్వాతది చదువు."

కోడలు తలెత్తి చూసింది. డ్రైవరు కూడా చూశాడు. ఆ మాట అన్నది అత్తగారేనా అని ఇద్దరికీ అనుమానం వచ్చింది.

"ఎందుకు వదలాలి?" అన్నాడు డ్రైవరు. "వచ్చింది చదవనీ."

ఆమె చదివింది. ఊరివాళ్ళు ఒక గుడ్డివాణ్ణి తీసుకొచ్చి, ముట్టుకోమని యేసుని బతిమాలారు. ఆయన వాడి చెయ్యి పట్టుకుని ఊరి బయటికి తీసుకుపోయాడు.

"ఊరి బయటికా?" అన్నాడు డ్రైవరు.

"అవును."

"అంటే నలుగురి ముందు కాదు."

ఆమె ముఖం కందిపోయింది. "కాదు," అంది. అందులో తప్పించుకోవడానికి ఏమీ లేదు. తలవంచుకుని తర్వాతి వాక్యం చదివింది. ఆయన వాడి కళ్ళ మీద ఉమ్మి, చేతులు వేసి, నీకేమైనా కనిపిస్తోందా అని అడిగాడు.

"ఆగు."

ఆగింది.

"రేపు ఇన్‌స్పెక్టరు అడిగేదీ ఇదే," అన్నాడు. గోడవైపు చూస్తున్నాడు. "అడిగినవాడు సాక్షాత్తూ ప్రభువు. చెయ్యి వేసి మరీ అడుగుతున్నాడు. బాగా కనిపిస్తోంది ప్రభూ అనొచ్చుగా వాడు? మర్యాదకైనా."

"అనొచ్చు."

"ఏమన్నాడు?"

ఆ భాగం అతనికి చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. అయినా ఆమె పుస్తకంలోకి చూసే చెప్పింది. "మనుషులు కనిపిస్తున్నారన్నాడు. చెట్లలా ఉన్నారు, నడుస్తున్నారు అన్నాడు."

"మిల్లు మలుపు దగ్గర ఒక స్తంభం ఉంది," అన్నాడు డ్రైవరు. "నెల రోజుల నుంచి దాని దగ్గర బస్సు ఆపుతున్నాను. ఎవరో చెయ్యెత్తినట్టు ఉంటుంది. ఆపి చూస్తే ఎవరూ ఉండరు. కండక్టరు నవ్వుతాడు, మా డ్రైవరుగారికి జాలి ఎక్కువ, స్తంభాల్ని కూడా ఎక్కించుకుంటారు అంటాడు. నేనూ నవ్వుతాను."

"పోనీలేరా, దానివల్ల ఎవరికి నష్టం?" అంది అత్తగారు.

"స్తంభాన్ని మనిషనుకుంటే నష్టం లేదమ్మా. మొన్న గురువారం మనిషిని స్తంభమనుకున్నాను."

అత్తగారి చేతులు ఒడిలో కదలకుండా ఉండిపోయాయి.

"ఏమైంది?" అంది భార్య.

"ఆయనే పక్కకి దూకాడు. చేతిలో సంచి కిందపడింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక పోనిచ్చాను. ఎవరో తెలియదు, ముసలో పడుచో తెలియదు. దెబ్బ తగల్లేదనే అనుకుంటున్నాను. అనుకుంటున్నాను, అంతే."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. డ్రైవరు అటు తల తిప్పాడు.

"మిగతాది చదువమ్మాయ్," అంది అత్తగారు. పొద్దున్నించి కోడల్ని ఆవిడ అమ్మాయ్ అని పిలవడం అదే మొదటిసారి. "మళ్ళీ చెయ్యి వేస్తాడుగా. బాగవుతాడుగా. అది చదువు."

"వద్దు," అన్నాడు డ్రైవరు. "ఇవాళ్టికి అక్కడితో ఆపు."

"సగంలోనా? ఈ ఇంట్లో ఎప్పుడైనా సగంలో ఆపామా?"

"ఆపుదామమ్మా ఇవాళ."

భార్య పుస్తకం మూసింది. ఆమేన్ అనాలో వద్దో తెలియక ఎవరూ అనలేదు.

డ్రైవరు లేచి అలమర మీది అలారం గడియారం అందుకున్నాడు. రోజూ అలారం పెట్టుకునేది అతనే. దీపం కిందికి తెచ్చాడు. కళ్ళకి దగ్గరగా పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు, తల ఎడమకి వంచి చూశాడు. తల్లి, భార్య చూస్తుండగా ఇంకోసారి ప్రయత్నించి, భార్య ముందుకి చాపాడు.

"నువ్వు పెట్టు. నాకు ముళ్ళు కనపడటం లేదు."

కనపడటం లేదన్న మాట రెండు నెలల్లో అతని నోట రావడం అదే మొదలు. మసకంటాడు, నిద్రలేదంటాడు, దుమ్మంటాడు. ఇలా ఎప్పుడూ అనలేదు. అత్తగారు తలుపు వైపు చూసింది, ఎవరైనా విన్నారేమో అన్నట్టు.

భార్య గడియారం తీసుకుంది. బండి తీసే రోజున అతను నాలుగున్నరకి లేస్తాడు, టైర్లు, నీళ్ళు చూసుకోవాలి కనక. ఉత్తి మాట చెప్పి రావడానికైతే అయిదుకి లేస్తే చాలు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"ఎన్నింటికి పెట్టమంటారు?" అంది.

తల్లి కొడుకు ముఖంలోకే చూస్తోంది.

"అయిదుకి."

భార్య మర తిప్పింది. ముల్లు దాటిపోతే వెనక్కి తెచ్చి మళ్ళీ పెట్టింది.

"అయిదుకి లేస్తావు," అంది అత్తగారు. "వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తావు. సరే. ఆ తర్వాతేమిట్రా?"

"ఆ తర్వాతది మనమింకా చదవలేదమ్మా," అన్నాడు డ్రైవరు.